చిన్న రివాల్వర్‌లో ఏ తూటాలు వేసుకోవాలి? .38 స్పెషల్ రకాల పోలిక

అమెరికాలో ఆత్మరక్షణకని చిన్న రివాల్వర్ కొనే మనవాళ్ళు తుపాకీ ఎంపిక మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా తూటాల మీద పెట్టరు. నెలల తరబడి వీడియోలు చూస్తారు, షాపులో నాలుగైదు రకాలు చేత్తో పట్టుకుని చూస్తారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయిపోయాక మాత్రం కౌంటర్ మీద షాపువాడు పెట్టిన పెట్టె తీసుకుని ఇంటికి వచ్చేస్తారు. ఆ పెట్టె మీద రాసిన వేగం చాలాసార్లు నాలుగంగుళాల బ్యారెల్‌లో కొలిచింది. మీరు కొన్న తుపాకీ బ్యారెల్ రెండంగుళాల చుట్టుపక్కలే. పెద్ద రివాల్వర్‌లో బ్రహ్మాండంగా పనిచేసే తూటా చిన్నదాంట్లో నిరాశపరచడానికి మొదటి కారణం అదే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. చిన్న రివాల్వర్‌లో అన్నిటికంటే బలమైన తూటా కోసం వెతకొద్దు. మీ చేత్తో ఐదుకి ఐదూ గురి మీద పడేలా కాల్చగలిగే తూటాల్లోంచి, తగినంత లోతుకు వెళ్ళేదాన్ని ఎంచుకోండి. బుల్లెట్ (తూటా కొసన ఉండి బయటికి దూసుకెళ్ళే ముక్క) విచ్చుకోవడం ఆ తర్వాతి విషయం. ఈ వరస తిరగేసి, ముందు బలం చూసి తర్వాత చెయ్యి సంగతి చూద్దామనుకున్నవాళ్ళే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ఈ రివాల్వర్లలో ఎక్కువగా వాడే .38 స్పెషల్ తూటాల పోలికలోకి వెళ్ళేముందు చట్టం మాట ఒకటి. హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండటమే కాదు, ఒక్క తూటా ఉన్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా వాటిని నమ్ముకోవడం మంచిది కాదు. స్నేహితుడితో సరదాగా కాల్పుల సాధన చేసే రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకీ పట్టుకున్నా ఇదే చిక్కు. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 15 ఏళ్ళకు పెంచారు. శిక్ష సంగతి అలా ఉంచినా వీసా, గ్రీన్‌కార్డ్ ఆశలు అక్కడితో పోతాయి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకు, పౌరులకు ఈ అడ్డంకి లేదు. ఇకనుంచి చెప్పేదంతా వాళ్ళ కోసమే.

మీ చేతిలో ఉన్న రివాల్వర్ ఏది?

చిన్న రివాల్వర్ అనగానే ఎక్కువమంది చేతిలో కనిపించేది స్మిత్ అండ్ వెస్సన్ జే-ఫ్రేమ్. 1950లో చీఫ్స్ స్పెషల్ పేరుతో వచ్చిన ఐదు తూటాల ఉక్కు రివాల్వర్ దీనికి మూలం. తర్వాత దానికే మోడల్ 36 అన్న నంబరు పెట్టారు. అది 550 గ్రాముల దాకా ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి అల్యూమినియం ఫ్రేముతో వచ్చే 442, 642. హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) లోపలే దాగి ఉంటుంది, బరువు 410 గ్రాముల చుట్టుపక్కల. 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్ ఇంకా కొంచెం తేలిక. స్కాండియం కలిపిన ఫ్రేమ్, టైటానియం సిలిండర్ ఉన్న స్మిత్ అండ్ వెస్సన్ 340పీడీ 330 గ్రాముల చుట్టుపక్కలే. మరోవైపు రూగర్ ఎస్‌పీ101 పూర్తిగా ఉక్కు, 700 గ్రాములు దాటుతుంది.

ఈ బరువులు రాయడానికి కారణం ఉంది. ఒకే తూటా ఎస్‌పీ101లో చేతికి హాయిగా ఉంటుంది, 642లో చురుక్కుమనిపిస్తుంది, 340పీడీలో రెండోసారి కాల్చాలంటేనే భయం పుట్టిస్తుంది. కాబట్టి 'ఏ తూటా మంచిది' అని అడిగేముందు తుపాకీని వంటింటి తూకం మీద పెట్టి చూడండి. 430 గ్రాముల లోపుంటే మీకు నేనిచ్చే సలహా ఒకటి, 550 దాటితే ఇంకొకటి.

తుపాకీ మీద చెక్కిన అక్షరాలు కూడా చదవాలి. +పి అంటే మామూలు .38 స్పెషల్ కంటే ఎక్కువ ఒత్తిడితో నింపిన తూటా. అమెరికా పరిశ్రమ ప్రమాణాల ప్రకారం మామూలు .38 స్పెషల్‌కి గరిష్ఠ ఒత్తిడి 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), +పికి 20,000. తుపాకీ మీద గానీ మాన్యువల్‌లో గానీ +పి వాడొచ్చని లేకపోతే వాడకండి. పాత అల్యూమినియం ఫ్రేముల విషయంలో ఇది మరీ ముఖ్యం. +పి+ అని ఇంకో రకం కనిపిస్తుంది. దానికి పరిశ్రమ ప్రమాణమే లేదు, చిన్న రివాల్వర్‌లో దాని జోలికి పోవద్దు. .38 ఎస్ అండ్ డబ్ల్యూ అని రాసిన పెట్టె కూడా ఒక్కోసారి షెల్ఫులో పక్కనే ఉంటుంది. అది .38 స్పెషల్ కాదు. పొట్టిగా, కాస్త లావుగా ఉండే వేరే తూటా.

పొట్టి బ్యారెల్‌లో ఏం జరుగుతుంది?

బుల్లెట్ బ్యారెల్‌లో ఉన్నంతసేపే వెనక మండే మందు దాన్ని తోస్తుంది. బ్యారెల్ పొట్టిదైతే ఆ తోపు మధ్యలోనే ఆగిపోతుంది, మిగిలిన మందు బయట మంటగా కాలిపోతుంది. దీనికి తోడు సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, అందులోంచి కొంత వాయువు పక్కకి పోతుంది. నాలుగంగుళాల నుంచి రెండుకి దిగితే .38 స్పెషల్‌లో సెకనుకు వంద అడుగుల దాకా వేగం తగ్గడం మామూలే. అసలే నెమ్మదైన తూటాకి ఆ వంద చాలా పెద్ద నష్టం.

హాలో పాయింట్ బుల్లెట్ ముందు గుంట ఉంటుంది. అది తడి కణజాలంతో నిండి, లోపలి ఒత్తిడికి పువ్వులా విచ్చుకోవాలి. అందుకు వేగం కావాలి. పైగా దారిలో జీన్స్ గుడ్డో చలి జాకెట్టో తగిలి గుంటలో కూరుకుపోతే అది విచ్చుకోదు. విచ్చుకోని హాలో పాయింట్ మామూలు గుండ్రటి బుల్లెట్ లాగే లోతుగా, కొన్నిసార్లు అవతలికి కూడా దూసుకెళ్తుంది. దీనికి విరుగుడుగా బుల్లెట్ బరువు తగ్గించి వేగం పెంచితే అది చక్కగా విచ్చుకుంటుంది, కానీ లోతుకు వెళ్ళకముందే ఆగిపోతుంది. చిన్న రివాల్వర్ తూటాలు తయారుచేసేవాళ్ళు ఈ రెండిటి మధ్యే నలుగుతుంటారు.

లోతు అంటే ఎంత? 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఏజెంట్లు కాల్చిన ఒక 9 ఎంఎం హాలో పాయింట్ బుల్లెట్ దొంగల్లో ఒకడి చేతిలోంచి ఛాతీలోకి దిగింది, కానీ గుండెను చేరకముందే ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాల్పులు సాగించాడు. ఆ ఘటన తర్వాత ఎఫ్‌బీఐ తయారుచేసిన పరీక్షా పద్ధతినే ఇప్పటికీ అందరూ కొలమానంగా తీసుకుంటారు. పది శాతం జెలటిన్ దిమ్మెలో బుల్లెట్ కనీసం 12 అంగుళాలు వెళ్ళాలి, 18 దాటకూడదు. మనిషి ఛాతీ అంత మందం ఉండదు కదా అని చాలామంది అడుగుతారు. ఎదుటివాడు బోర విరుచుకుని నిలబడడు. చేతులు ముందుకి చాస్తాడు, పక్కకి తిరుగుతాడు, వంగుతాడు. చేతిని దాటుకుని లోపలికి వెళ్ళాల్సి వస్తే 12 అంగుళాల లెక్క ఎందుకో అర్థమవుతుంది. యూట్యూబ్‌లో కనిపించే పారదర్శకమైన సింథటిక్ జెల్ వేరు. అది అసలు జెలటిన్‌తో సరిగ్గా సమానం కాదు కాబట్టి ఆ అంకెలను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే వాడండి.

148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్

తేలికైన రివాల్వర్ ఉన్నవాళ్ళకు నా మొదటి సలహా ఇదే. కొత్తవాళ్ళు వినగానే నమ్మరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

వాడ్‌కట్టర్ అంటే ముందు భాగం పూర్తిగా చదునుగా ఉండే సీసపు బుల్లెట్. పోటీల్లో కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా కన్నం పడితే మార్కులు లెక్కపెట్టడం తేలికని దీన్ని తయారుచేశారు. పెట్టె మీద వేగం సెకనుకు 700 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది, పొట్టి బ్యారెల్‌లో ఇంకా తక్కువ. అంకెలు చూస్తే బలహీనంగా అనిపిస్తుంది. కానీ ఇది విచ్చుకోవడం మీద ఆధారపడదు. చదును ముఖం, పదునైన అంచు గుండ్రటి మొనలాగా కణజాలాన్ని పక్కకి నెట్టకుండా కోసుకుంటూ పోతాయి. బట్టలు అడ్డొచ్చినా తేడా పడదు, ఎందుకంటే కూరుకుపోవడానికి గుంటే లేదు. 148 గ్రెయిన్లంటే తొమ్మిదిన్నర గ్రాముల పైచిలుకు. ఆ బరువు వల్ల అంత నెమ్మదిలో కూడా 12 అంగుళాల గీత దాటుతుంది.

అసలు లాభం చేతికి. 642లో వాడ్‌కట్టర్లు కాల్చినప్పుడు కిక్ (తుపాకీ వెనక్కి తన్నడం) మెత్తగా ఉంటుంది, మంట తక్కువ, చప్పుడూ తక్కువ. గురి కదలకుండా రెండోదీ మూడోదీ వేయొచ్చు. కీళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళు, చిన్న చేతులున్నవాళ్ళు, నెలకోసారి కూడా రేంజ్‌కి వెళ్ళడం కుదరనివాళ్ళు +పి వేసుకుని మొదటి దెబ్బకే కళ్ళు మూసుకోవడం కంటే ఇది వందరెట్లు నయం. పేరున్న కంపెనీ ఫ్యాక్టరీ తూటాలు కొనండి. ఫెడరల్ గోల్డ్ మెడల్ లాంటి మ్యాచ్ రకాలు నాణ్యతలో నమ్మదగినవి.

లోపాలు ఉన్నాయి. బుల్లెట్, కేసు (మందు నింపిన లోహపు గొట్టం) అంచుతో సమానంగా ఉంటుంది కాబట్టి మొన ఉండదు. కంగారులో సిలిండర్ రంధ్రాల్లోకి దూర్చడం కష్టం. అందుకే తుపాకీలో ఐదు వాడ్‌కట్టర్లు వేసుకుని, జేబులోని స్పీడ్ స్ట్రిప్‌లో (అదనపు తూటాలు వరసగా పట్టి ఉంచే పట్టీ) మాత్రం గుండ్రటి మొన ఉన్న హాలో పాయింట్లు పెట్టుకునే పద్ధతి ఒకటుంది. నాకూ అదే సబబుగా తోస్తుంది. రెండు రకాలూ మీ తుపాకీలో ఒకేచోట పడుతున్నాయో లేదో మాత్రం చూసుకోవాలి. రెండో లోపం, ఇది విచ్చుకుని ఆగేది కాదు. ఎదుటివాడి వెనక ఎవరున్నారన్నది ఏ తూటాతోనైనా చూసుకోవాల్సిందే, దీనితో ఇంకొంచెం ఎక్కువ.

స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్లు, +పి

హాలో పాయింటే కావాలి, చెయ్యి తట్టుకుంటుంది అనుకుంటే నేను చూపించేది ఇది. న్యూయార్క్ పోలీసులు రెండో తుపాకీగా పెట్టుకునే రెండంగుళాల రివాల్వర్ల కోసం అడిగితే స్పీర్ కంపెనీ దీన్ని ప్రత్యేకంగా తయారుచేసింది. పెద్ద తుపాకీ కోసం చేసి చిన్నదాంట్లో వాడమన్నది కాదు. దీని గుంట వెడల్పుగా ఉంటుంది, తక్కువ వేగంలోనే విచ్చుకునేలా మలిచారు. పెట్టె మీద రాసిన సెకనుకు 860 అడుగులు కూడా పొట్టి బ్యారెల్‌ని దృష్టిలో పెట్టుకున్నదే, అందుకే ఆ అంకె పక్కనున్న పెట్టెల కంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఆ అంకె చూసి దీన్ని పక్కన పెట్టేవాళ్ళున్నారు. నిజానికి అది నిజాయితీగా రాసిన అంకె.

బుల్లెట్ పైనున్న రాగి తొడుగు (జాకెట్) సీసానికి అతుక్కునే ఉంటుంది కాబట్టి విచ్చుకున్నాక ముక్కలుగా ఊడిపోదు. బట్టల్లోంచి వెళ్ళినా విచ్చుకునే అవకాశం ఈ తరగతి తూటాల్లో దీనికి బాగా ఎక్కువ. అయినా ప్రతిసారీ విచ్చుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కిక్ గట్టిగానే ఉంటుంది. 550 గ్రాములు దాటిన ఉక్కు రివాల్వర్‌లో ఇది నా మొదటి ఎంపిక. 642లో క్రమం తప్పకుండా సాధన చేసేవాళ్ళకు మాత్రమే చెప్తాను.

ఇదే కోవలో ఫెడరల్ మైక్రో హెచ్‌ఎస్‌టీ 130 గ్రెయిన్లు ఉంది. బుల్లెట్‌ని కేసు లోపలికి పూర్తిగా దించేశారు, బయటనుంచి చూస్తే ఖాళీ కేసులా ఉంటుంది. చాలా వెడల్పుగా విచ్చుకుంటుంది. అయితే లోతు విషయంలో 12 అంగుళాల గీత మీద ఊగుతుంటుంది, పైగా వాడ్‌కట్టర్‌లాగే మొన లేక లోడ్ చేయడం కష్టం. వించెస్టర్ 130 గ్రెయిన్ల బాండెడ్ (జాకెట్‌ని సీసానికి అతికించిన) +పి కూడా మంచిదే. గోల్డ్ డాట్ దొరక్కపోతే మొహమాటపడకుండా తీసుకోవచ్చు.

హార్నడీ క్రిటికల్ డిఫెన్స్ 110 గ్రెయిన్లు

షాపుల్లో ఎక్కువగా కనిపించేది, ఎక్కువగా అమ్మేది ఇదే. గుంటలో ఎర్రటి మెత్తటి ప్లాస్టిక్ మొన బిగించి ఉంటుంది. బట్ట కూరుకుపోకుండా అదే అడ్డుకుంటుంది, లోపలికి వెళ్ళాక నొక్కుకుని బుల్లెట్‌ని తెరుస్తుంది. ఆలోచన మంచిది, పనిచేస్తుంది కూడా. నికెల్ పూత కేసులు సిలిండర్‌లోంచి సులువుగా జారతాయి, మొన ఉంది కాబట్టి లోడింగూ తేలిక. మామూలు ఒత్తిడి రకం 642లో భరించగలిగేలా ఉంటుంది. పెట్టె మీద 1,010 అడుగులని ఉన్నా అది నాలుగంగుళాల లెక్క. బుల్లెట్ తేలిక కాబట్టి లోతు కనీసపు గీత దగ్గరే ఉంటుంది, వాడ్‌కట్టర్ ఇచ్చే మిగులు ఇందులో ఉండదు. +పి రకం కూడా ఇలాంటి పెట్టెలోనే వస్తుంది, కొనేటప్పుడు చూసుకోండి. 90 గ్రెయిన్ల లైట్ రకం చేతికి ఇంకా తేలిక, కానీ అంత తేలిక బుల్లెట్‌ని నేను సిఫార్సు చెయ్యను. కిక్ తగ్గాలంటే వాడ్‌కట్టర్ ఉండగా లోతును ఎందుకు వదులుకోవాలి?

340పీడీ ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగాలి. 120 గ్రెయిన్ల కంటే తేలిక బుల్లెట్లు వాడొద్దని ఆ తుపాకీ బ్యారెల్ మీదే చెక్కి ఉంటుంది. కాబట్టి ఈ 110, 90 గ్రెయిన్ల .38 రకాలకూ అది వర్తిస్తుందో లేదో మాన్యువల్‌లో చూడకుండా వాడకండి.

న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్ళకు ఈ తూటా విషయంలో ఇంకో సంగతి. ఆ రాష్ట్ర చట్టం హాలో పాయింట్లను ఇంట్లో ఉంచుకోనిస్తుంది, రేంజ్‌కి తీసుకెళ్ళనిస్తుంది, కానీ వెంట పెట్టుకుని బయట తిరగనివ్వదు. గుంట ప్లాస్టిక్‌తో పూర్తిగా నిండి ఉన్న ఇలాంటి వాటిని మాత్రం రాష్ట్ర పోలీసులు హాలో పాయింట్‌గా లెక్కించరు. బయట తుపాకీ పెట్టుకునే హక్కు మీద 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అక్కడ క్యారీ పర్మిట్ (వెంట తుపాకీ ఉంచుకునే అనుమతి) తీసుకున్నవాళ్ళకి ఇది నేరుగా వర్తిస్తుంది. ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియా వెళ్ళి పెట్టె కొనుక్కొచ్చేముందు రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్‌లో ప్రస్తుత నిబంధన చదవండి. వాడ్‌కట్టర్‌కు ముందు గుంట ఉండదు కాబట్టి దానికీ ఈ బెడద లేదు.

పాత రకాలు, బలమైన రకాలు

158 గ్రెయిన్ల సీసపు సెమీ వాడ్‌కట్టర్ హాలో పాయింట్ +పిని ఇప్పటికీ చాలామంది ఎఫ్‌బీఐ లోడ్ అంటారు, ఒకప్పుడు ఆ సంస్థ వాడింది కాబట్టి. జాకెట్ లేని మెత్తటి సీసం కావడంతో మూడు, నాలుగంగుళాల బ్యారెళ్ళలో బాగా విచ్చుకునేది. రెండంగుళాల్లో నమ్మకం తక్కువ. అయినా లోతు బాగుంటుంది, పాత ఫిక్స్‌డ్ సైట్ల (గురి చూసే గుర్తులు జరపలేని) తుపాకుల్లో చాలావరకు 158 గ్రెయిన్లకే గురి సరిచేశారు కాబట్టి చూసినచోటే పడుతుంది. ఉక్కు రివాల్వర్‌లో తప్పులేదు. తేలిక తుపాకీలో కిక్ బాగా ఎక్కువ.

158 గ్రెయిన్ల గుండ్రటి మొన సీసపు తూటా వేరు. దశాబ్దాల పాటు అమెరికా పోలీసులు వాడి, తృప్తి లేక వదిలేసింది అది. పూర్తి రాగి జాకెట్ ఉన్న 130 గ్రెయిన్ల ఎఫ్ఎంజే కూడా సాధనకే. రెండూ ఇటునుంచి అటు దూసుకెళ్తాయి, చేసే గాయం సన్నం.

.357 మ్యాగ్నమ్ గురించి నా మాట గట్టిగానే ఉంటుంది. చిన్న, తేలిక రివాల్వర్‌లో అది వద్దు. 35,000 పీఎస్ఐ ఒత్తిడి, .38కి రెండింతల పైన. పోలీసుల నాలుగంగుళాల రివాల్వర్లలో సంపాదించిన పేరు చూసి జనం కొంటారు, కానీ పొట్టి బ్యారెల్‌లో ఆ వేగంలో పెద్ద భాగం మంటగా, చప్పుడుగా పోతుంది. రాత్రివేళ గదిలో చెవులకి అడ్డం లేకుండా కాలిస్తే వినికిడి దెబ్బతింటుంది, కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి, రెండో తూటా ఎక్కడికి పోతుందో తెలియదు. .357 తుపాకీలో .38 స్పెషల్ నిక్షేపంగా వాడొచ్చు, అదే చెయ్యండి. పొట్టి కేసుల వల్ల రంధ్రాల్లో మసి గీత పేరుకుంటుంది, బ్రష్‌తో శుభ్రం చేసుకుంటే చాలు. .38 తుపాకీలో .357 ఎక్కదు, ఎక్కించాలని చూడకూడదు కూడా.

పొడిపొడిగా విరిగిపోయే తూటాలు, విపరీతమైన వేగం పేరుతో అమ్మే 50, 60 గ్రెయిన్ల వింత రకాలు, తుంపర గుళ్ళు నింపినవి కొనకండి. లోతు ఉండదు.

.38 కాకుండా

చెయ్యి ఏమాత్రం సహకరించనివాళ్ళకు .22 మ్యాగ్నమ్ రివాల్వర్లున్నాయి. గోల్డ్ డాట్, క్రిటికల్ డిఫెన్స్ రెండూ ఆ సైజులో పొట్టి బ్యారెళ్ళ కోసమే తూటాలు చేస్తున్నాయి. అయితే ఇలాంటి రిమ్‌ఫైర్ (కేసు అంచున కొడితే పేలే) తూటాలు పేలకుండా పోయే అవకాశం సెంటర్‌ఫైర్ (కేసు అడుగున మధ్యలో నిప్పు పుట్టించే ప్రైమర్ ఉండే .38 లాంటివి) కంటే ఎక్కువ, ఆ అంచును గట్టిగా కొట్టాలి కాబట్టి ట్రిగ్గర్ కూడా బరువుగా ఉంటుంది. కిక్‌కి భయపడేవాళ్ళకు తరచుగా వేలి బలం కూడా తక్కువే, దాంతో ఒక సమస్య పోయి ఇంకోటి వస్తుంది.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది .32. స్మిత్ అండ్ వెస్సన్ 2024లో అల్టిమేట్ క్యారీ పేరుతో తెచ్చిన జే-ఫ్రేముల్లో .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నమ్ కూడా ఉంది. అదే సైజులో ఐదుకి బదులు ఆరు తూటాలు, కిక్ .38 +పి కంటే స్పష్టంగా తక్కువ. ఫెడరల్ 85 గ్రెయిన్ల హాలో పాయింట్ దీనికి ఉంది. షాపుల్లో రకాలు తక్కువ, అదొక్కటే ఇబ్బంది.

ఆ తుపాకీలో .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటాలు కూడా వాడొచ్చు. ఇండియాలో లైసెన్స్ మీద పౌరులకిచ్చే .32 రివాల్వర్లలో వాడేది ఆ తూటానే. కాన్పూర్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి, 2014లో మహిళల కోసమని తెచ్చిన నిర్భీక్‌తో సహా, ఆ సైజువే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లైసెన్స్ ఉన్నవాళ్ళకు ఈ వ్యాసంలోని పోలిక పెద్దగా అక్కరకు రాదు. షాపులో దొరికేది ఎక్కువగా కేఎఫ్ ముద్ర ఉన్న ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాలే, వాటికీ లైసెన్స్ మీద కోటా ఉంటుంది. అక్కడ చూసుకోవాల్సింది తూటా వయసు. తుప్పు, పచ్చటి చిలుము, వదులైన బుల్లెట్ ఉంటే వెనక్కివ్వండి. కోటాలో కొన్ని సాధనకు మిగుల్చుకోండి.

మీ తుపాకీలో పరీక్షించాల్సినవి

రెండు మూడు రకాలు చిన్న పెట్టెలు కొని రేంజ్‌కి తీసుకెళ్ళండి. ఏడు గజాల దూరంలో ఐదు నెమ్మదిగా, ఐదు వేగంగా. మొదట చూడాల్సింది ఎక్కడ పడుతున్నాయని. చిన్న రివాల్వర్ సైట్లు ఫ్రేములోనే మలిచి ఉంటాయి, జరపలేరు. బరువైన బుల్లెట్ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోపు మూతి పైకి లేస్తుంది, కాబట్టి పైన పడుతుంది. తేలికైనది కింద పడుతుంది. మీ తుపాకీ ఏది ఇష్టపడుతుందో లక్ష్యం కాగితమే చెప్తుంది, నేను చెప్పలేను. తర్వాత వేగంగా కాల్చిన ఐదూ ఎంత విడిపోయాయో చూడండి. అరచేయంత స్థలంలో పడనివ్వని తూటా మీది కాదు.

మరొక పరీక్ష చాలామంది చెయ్యరు. తేలిక రివాల్వర్ కిక్‌కి వెనక్కి ఎగిరినప్పుడు, ఇంకా కాల్చని తూటాల్లోని బుల్లెట్లు కేసుల్లోంచి కొంచెం కొంచెంగా ముందుకి జారతాయి. ఒకటి బాగా జారితే సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోతుంది, అప్పుడు చేతిలో ఉన్నది ఇనుప ముక్కే. ఐదు లోడ్ చేసి, ఒకదానికి మార్కర్‌తో గుర్తు పెట్టి, నాలుగు కాల్చి, గుర్తున్నదాన్ని తీసి కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి. పొడవు పెరిగితే ఆ రకం మీ తుపాకీకి వద్దు. సీసపు బుల్లెట్లలో, బలమైన లోడ్లలో ఇది ఎక్కువ. మెత్తటి వాడ్‌కట్టర్లలో కిక్ తక్కువ కాబట్టి ఈ ఇబ్బంది అరుదు.

ఖాళీ కేసులు బయటికి వస్తున్నాయో లేదో కూడా చూడండి. పొట్టి రివాల్వర్ ఎజెక్టర్ రాడ్ కూడా పొట్టిదే, కేసుల్ని పూర్తిగా బయటికి తొయ్యదు. ఒత్తిడి ఎక్కువైన తూటాల కేసులు ఉబ్బి పట్టేస్తాయి. మూతి ఆకాశం వైపు నిలబెట్టి అరచేత్తో రాడ్‌ని గట్టిగా ఒక్క దెబ్బ కొడితే బరువుకి జారిపోతాయి.

ఆత్మరక్షణ తూటాలు ఇరవై, పాతికల పెట్టెల్లో వస్తాయి, ఖరీదు ఎక్కువ. పరీక్షకి ఒకటి రెండు పెట్టెలు పెట్టి, రోజువారీ సాధనకు చౌక ఎఫ్ఎంజే వాడుకోండి. వాడ్‌కట్టర్ ఎంచుకున్నవాళ్ళు ఏ కంపెనీ 148 గ్రెయిన్ల టార్గెట్ తూటాతోనైనా సాధన చేయొచ్చు, కిక్ ఒకేలా ఉంటుంది. ఇంట్లో చేసుకున్న రీలోడ్లు రేంజ్‌కే పరిమితం చెయ్యండి.

జేబులోనో నడుముకో తిరిగే తూటాలకు చెమట, దూది పోగులు, తుపాకీ నూనె తగులుతూనే ఉంటాయి. నూనె ప్రైమర్‌లోకి దిగితే తూటా పేలకపోవచ్చు. శుభ్రం చేశాక సిలిండర్ రంధ్రాలు పొడిగుడ్డతో తుడిచాకే లోడ్ చెయ్యండి. ఏడాదికోసారి పాతవి రేంజ్‌లో కాల్చేసి కొత్తవి వేసుకోండి. పిల్లలున్న ఇంట్లో తుపాకీ మీ ఒంటి మీద లేనప్పుడు తాళం పెట్టెలో ఉండాల్సిందే, దిండు కింద, సొరుగులో అన్న మాటే వద్దు.

ఇండియా ప్రయాణానికి సామాను సర్దేటప్పుడు, ఎప్పుడైనా రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగ్ ఉంటే దాన్ని ఇంట్లోనే వదిలెయ్యండి. తుపాకీ లేకుండా ఒక్క తూటా బ్యాగ్ మడతల్లో దొరికినా ఇండియా విమానాశ్రయాల్లో ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. మర్చిపోయానని నిరూపించుకోవడానికి కోర్టు దాకా వెళ్ళాల్సి వస్తుంది. రేంజ్‌కని ఒక బ్యాగ్ విడిగా కొనుక్కుని, దాన్ని ఇంకే పనికీ వాడకండి.